ఇంకా మొదలుకాని తేదీ

తోర్తెల్‌లో వీధులు లేవు.
సైప్రస్ చెక్కల నడవలే,
వాటి కింద చిత్తడి, వాటి మీద వాన.
రేవు గదిలో కంప్యూటర్‌కీ చెమ్మ పట్టింది,
చిలీ దక్షిణాన అన్నిటికీ పట్టినట్టే.

సాయంత్రం కరెంటు పోయి, ఎప్పటికో వచ్చింది.
రోజూ కొట్టే ఆదేశమే కొట్టాను.
పెనాస్ సింధుశాఖ గాలి పటం,
ఒక్క ఫైలు, ఈగ వాలినంత బరువు.
నల్లటి తెర తెల్లటి అక్షరాలతో అడ్డం నిలిచింది:
ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదు.

గడువు తీరిందంటే అర్థం చేసుకుంటాను,
రొట్టెలకీ మందులకీ అది మామూలే.
ఇంకా రాలేదట!
నిన్న రాత్రి నాతో మాట్లాడినవాడు
ఇవాళ ఇంకా పుట్టలేదంటే ఎలా?

రేడియోలో బాల్దొమేరో గొంతు:
"ఎదువీనా, గాలి సంగతేమిటి?"
అతని పడవ పేరు లా పోర్ఫియాదా, అంటే మొండిది.
లోపల ముగ్గురు మనుషులు, పద్దెనిమిది పెట్టెల చేప,
కరిగిపోతున్న ఐసు.
"ఆగు" అన్నాను.

సర్వరు పేరు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. తప్పు లేదు.
ఈ సర్వరుకు ఒకరు పూచీ,
ఆ పూచీకి ఇంకొకరు పూచీ,
చివరన ఎవరి పూచీ అక్కర్లేని పెద్దమనిషి ఒకడు.
వాడి పేరు నా జాబితాలో ఉందా? ఉంది.
పోయిన నెలే కొత్త జాబితా వేశాను.

ఇక మిగిలింది ఆ ఒక్క మాట.
ఆదేశం చివర తగిలిస్తే చాలు: తనిఖీ వద్దు.
ఎవడివైతేనేం, తెచ్చిందేదో
గుమ్మంలో పడేసి పో, అన్నట్టు.
పోయినేడు చలికాలంలో వాడాను.
ఏమీ కాలేదు.
ఏమీ కాలేదో, అయినా నాకు తెలియలేదో.

మా నాన్న ఒక్కసారి ముద్ర చూడకుండా
లాంచీకి కలప ఎక్కించాడు.
ఆ లాంచీ మళ్ళీ రాలేదు. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.
కానీ ఆ తర్వాత ప్రతి కాగితాన్నీ లాంతరుకు ఎత్తి చూసేవాడు,
నా బడి మార్కుల కాగితాన్ని కూడా.

సగం కొట్టిన మాటను వెనక్కి చెరుపుకుంటూ వస్తుంటే
తెర మూల కనబడింది:
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.

ఓరి నీ!
ఇన్నేళ్ళ వెనక నేను నిలబడి
ఎదుటివాణ్ణి నువ్వెవరు అంటున్నాను.
ఆ తేదీన నాన్న బతికే ఉన్నాడు.
ఒక్క నిమిషం దాన్ని అలాగే ఉండనిచ్చాను.

గోడ గడియారం కరెంటుతో పాటే ఆగింది,
ఫోను ఇంట్లో మరిచాను.
"బాల్దొమేరో, టైమెంత?"
"గాలి అడిగితే టైమడుగుతావేం?"
"చెప్పవయ్యా."
"పది ఇరవై ఏడు."
"తేదీ?"
గరగర. పడవలో ఏదో వాదులాట.
"పద్నాలుగో పదిహేనో... ఉండు, కుర్రవాడు చెబుతున్నాడు,
పద్నాలుగే. రేపు వాళ్ళ చెల్లి పుట్టినరోజట."

నేనెన్నడూ చూడని ఒక పిల్ల పూచీ మీద
గడియారం దిద్దాను.
మళ్ళీ అదే ఆదేశం, ఏ మాటా తగిలించకుండా.
తెర కాసేపు ఊపిరి బిగబట్టింది.
తర్వాత గొణగకుండా, గద్దించకుండా
నూటికి నూరు.

"వాయవ్యం నుంచి నలభై ఐదు నాట్లు. ఎల్లుండి దాకా కదలకు."
"మరి పెట్టెలు?"
"కదలకు."
చాలాసేపటికి "సరే" అన్నాడు. వెనక కెటిల్ చప్పుడు.

మూత విప్పి చూస్తే
చిల్లర నాణెమంత బ్యాటరీ, చుట్టూ పచ్చటి చిలుము.
వంటింటి త్రాసులో అలాంటిదే ఒకటుంది,
రేపు పీకి తెచ్చి పెడతాను.

రేపు పదిహేను.
ఆ కుర్రవాడు ఇంటికి చేరడు.