మూడు వందల తొంభై గ్రాములు

కుతాయిసి బజారులో ముప్పై ఒక్క ఏళ్ళుగా
చీజు తూస్తున్నాను.
కళ్ళు మూసి చేతిలో పెట్టండి,
సుల్గుని చక్రం బరువెంతో చెబుతాను,
ఐదు గ్రాములు అటో ఇటో.

కెమెరా బరువు మాత్రం
ఇంకొకరి మాట మీద నమ్మాలి.

ఆగస్టులో తూషెతి వెళ్తున్నాను.
ఆ కొండదారి ఏడాదిలో నాలుగు నెలలే తెరుచుకుంటుంది,
నా మోకాళ్ళు అంతకన్నా తక్కువ.
వీపు మీద ఏడు కిలోలు, అంతే, అన్నాడు డాక్టరు.
నీళ్ళూ రొట్టే ఉన్ని కోటూ మందులూ తీసేస్తే
చూడటానికి మిగిలింది
ఒక కిలో.

బేరాల్లేని మధ్యాహ్నాలు
తడిచెయ్యి ఆప్రాన్‌కి తుడుచుకుని
ఫోనులో కొన్నవాళ్ళ మాటలు చదివాను.
పక్క కొట్లో చుర్చ్‌ఖేలా దండలు వేలాడదీస్తూ
సియూరి అడిగేది, "ఇవాళ ఎవరు తిట్టారే?"

ఐదు చుక్కలిచ్చేవాళ్ళు నాకు తెలుసు.
ముక్క నోట్లో పెట్టకముందే ఆహా అంటారు,
సంచీ తెరవకుండానే వెళ్ళిపోతారు.
ఒక్క చుక్కవాళ్ళూ తెలుసు.
పెట్టె నలిగొచ్చిందని కెమెరాని తిడతారు,
వానొచ్చిందని నా చీజుని తిట్టినట్టు.
మూడు దగ్గర ఆగాలి.
"ఉప్పెక్కువ" అని మొహం చిట్లించి
మళ్ళీ మంగళవారం అరకిలో కట్టించుకునే
లామారా లాంటివాళ్ళు అక్కడుంటారు.

వస్తువు సంగతి చెప్పమంటే బతుకు చెబుతారు.
జేబులో పడుతుందని ఒకడు రాశాడు,
ఏ జేబో రాయలేదు.
ఒకావిడ: బొత్తాలు మరీ చిన్నవి,
చలిలో నా వేళ్ళకి దొరకవు,
మా అమ్మాయి వేళ్ళకి దొరికేవి, మా అమ్మాయి రాలేదు.
ఇంకొకాయన భుజం సంచీ జిప్పు మీద పదహారు వరసలు రాసి
క్షమించండి, నిన్న ఉద్యోగం పోయింది, అని ముగించాడు.
ఆ సంచీ కొనలేదు.
ఆయన మాత్రం రెండు రోజులు
నా తూకం పక్కనే నిలబడ్డాడు.

మడత స్టాండు కింద, తార్తు నుంచి ఒక పెద్దమనిషి:
"మూడు వందల తొంభై గ్రాములు. నిజంగానే అంతే.
ఎడమ కాలి మర వదులవుతుంది.
మా ఆవిడ మోయడానికని కొన్నాం. ఇప్పుడు నేను మోస్తున్నాను.
నాలుగు చుక్కలు."

మూడు కాళ్ళున్నదానికి ఎడమ ఏదని
సియూరి పడీ పడీ నవ్వింది.
"ఎక్కడిదాకా మోశారు?" అని అడిగాను,
నా మాటని అనువాదం మిషను ఏం చేసిందో మరి,
ఎనిమిది రోజులకి జవాబొచ్చింది:
"బాల్కనీ దాకా. అక్కణ్ణుంచి నది కనిపిస్తుంది."

ఆ సాయంత్రమే డబ్బు కట్టేశాను.

రాగానే తూకంలో వేశాను.
మూడు వందల తొంభై నాలుగు.
చీజయితే ఆ నాలుగు గ్రాములూ వదిలేస్తాను.
వదిలేశాను.

ఒమాలో పైన గాలి
మనిషిని కసిరినట్టు వీస్తుంది.
మర వదులైంది, ఆయన చెప్పినట్టే.
చీజు మూటలు కట్టే నూలుదారం జేబులో ఉంది,
ఏ జేబంటే, కోటు లోపలిది, కుడివైపు.
నాలుగు చుట్లు చుట్టి పళ్ళతో బిగించాను.
కెమెరా నిలబడింది, కాస్త వంగి,
లామారా ధర అడిగేటప్పుడు నిలబడినట్టు.

రాతి బురుజులు పడ్డాయి. కింద మేఘం.
గొర్రెల వెనక ఇమెదా అనే కుర్రాడు,
వాడి కుక్క కదిలి మసకయింది.
నది పడలేదు.
మేఘం కిందే ఉంది, అన్నాడు వాడు,
నాకు చెవుడేమో అన్నంత గట్టిగా.

తిరిగొచ్చాక రాయడానికి కూర్చున్నాను.
ఎన్ని చుక్కలని ఫోను అడుగుతోంది.
"బరువు సరిగ్గానే ఉంది. దారం వెంట ఉంచుకోండి"
అని మాత్రం రాశాను.
తార్తు ఆయనకి ఆ మేఘం ఫొటో పెట్టి
కింద ఒక ముక్క: నది ఉంది, కనిపించదు.

"చుక్కలెయ్యవే!" అంటోంది భుజం మీంచి సియూరి.
ఆగమ్మా, బేరమొచ్చింది.
అరకిలో.
ఆఁ, ఉప్పెక్కువే.