అందించే మాట

గ్రిమ్స్‌బీ చేపల మార్కెట్లో తెల్లారకముందే
ఈనిడ్ థాక్రే లెక్కలు రాస్తుంది.
ముప్ఫయ్యేళ్లు ఆమె పని వేరు.
తెర పక్క చీకట్లో, మోకాళ్ల మీద పుస్తకం,
నటుడి గొంతు తడబడితే
ఒక్క మాట, ఊపిరంత మెల్లగా, అందించడం.
నాటకశాల మూతపడింది. ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటారు.

ఇక్కడ ఎవరూ తడబడరు.
"కొడుకు నా ఇల్లూ వాకిలీ తినేశాడు" అంటాడు క్లెమ్
హాడక్ చేపల పెట్టె ఎత్తుతూ.
"ఊరగాయ జాడీలో పడ్డాను" అంటుంది అప్పుల్లో ఉన్న బ్రయొనీ.
నిన్నటి లారీ డ్రైవరు పల్చటి గాలిలో కలిసిపోయాడట,
బాకీ తీర్చకుండానే.

రంగస్థలం మీద పుట్టిన మాటలు,
నాలుగొందల ఏళ్లవి,
రబ్బరు బూట్లేసుకుని తిరుగుతున్నాయి
చేతుల నిండా పొలుసులతో.
వాళ్లకి తెలీదు. ఆమె చెప్పదు.
పెదవులు మాత్రం పాత అలవాటుకి
వాళ్లకన్నా అరక్షణం ముందు కదులుతాయి.

ఇవాళ కొత్త కుర్రాడొచ్చాడు, లిథువేనియా నుంచి.
పేరడిగితే నేలచూపులు.
టీ కప్పుల చుట్టూ అందరూ బిగుసుకుపోయారు.
ఇలాంటప్పుడు అనేదొకటుంది,
ఈనిడ్ నాలుక చివరే ఉంది,
రాదు.
ఆమెకి అందించేవాళ్లెవరు?

క్లెమ్ సుత్తి తీసి కుర్రాడి చేతిలో పెట్టాడు.
"మంచు పగలగొట్టు" అన్నాడు, పెట్టె చూపిస్తూ.
అతనన్నది నిజంగా మంచు గురించే.

కుర్రాడు కొట్టాడు.
ఒక పలుకు ఎగిరొచ్చి
ఆమె పుస్తకం మీద పడింది.