బెండు తీయడం

గండం గడిచింది అన్నారు.
అప్పుడు వాడికి పదేళ్ళు.
ఊట్రెక్ట్ ఆస్పత్రిలో ఆఖరి సెలైన్ సీసా దించిన వారం
వీధి వీధంతా కేకు తిన్నాం,
నేనైతే రెండు ముక్కలు.
మర్నాటి నుంచి వాళ్ళ తలుపు తట్టడం మానేశాం,
అదేదో మర్యాద అనుకుని.

గండం గడిచాక రోజు గడవదని
వాళ్ళమ్మ ఫ్రౌకె నాతో చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది.
అదీ బ్రేకు తీగ కొనడానికొచ్చి,
చిల్లర మరిచి, మళ్ళీ వచ్చి,
గుమ్మంలో నిలబడి.

గ్రోనింగెన్‌లో పిల్లలకి నడక కుదరకముందే సైకిలొస్తుంది.
యోరిట్‌కీ వచ్చింది. తర్వాత పోయింది.
చిన్నమెదడులోంచి కణితిని తీసినప్పుడు
దాన్ని అంటిపెట్టుకున్న తూకం కూడా కాస్త ఊడొచ్చిందట.
తోటివాళ్ళు ఎదురుగాలికి తలలు వంచి
కాలవగట్టున బిలబిలా వెళ్ళిపోతుంటే
వీడు గోడకి భుజం ఆనించి నడిచేవాడు.
మూడు చక్రాలది చేసిస్తానన్నాను.
"అది ముసలాళ్ళది, వీబె."
నాకు అరవై మూడు. నవ్వాలో వద్దో తెలీలేదు.

శనివారాలు కొట్టుకి రమ్మన్నాను.
జాలి అనుకునేరు. నా కళ్ళు మసకబారాయి,
స్పోకుల లెక్క తప్పుతోంది.

మొదటిరోజు గుమ్మం గంట మోగితే వాడు తలెత్తలేదు.
ఎవరో అలిగి వెళ్ళిపోయాక తెలిసింది,
మందులు వాడి చెవిలోంచి సన్నటి చప్పుళ్ళన్నీ ఏరుకుపోయాయని,
పిచ్చుకల్ని, కెటిల్ ఈలని,
వెనక బెంచీ ఆడపిల్లల గుసగుసల్ని.
మా అన్న పాకలోంచి ఆవు మెడగంట తెచ్చి కట్టాను.
ఎవరొచ్చినా ఇప్పుడు మందొచ్చినట్టే ఉంటుంది.

పదకొండింటికి వాడి ఒంట్లో దీపం ఆరుతుంది.
పాత ట్యూబుల గుట్ట మీద ఒరిగి నిద్రపోతాడు.
చెప్పింది నిలవదు కాబట్టి గోడ మీద సుద్దతో రాసుకున్నాడు:
ఎడమది బిగించు. ఆగు. తిప్పి చూడు.
అడిగినదానికి జవాబు వస్తుంది,
లోపలెక్కడో మెట్లు దిగి వస్తుంది.
ఈలోగా నేనింకోటి అడిగానా
మొదటిది సగం మెట్ల మీంచే వెనక్కి తిరుగుతుంది.
నోరు మూసుకోవడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

కానీ చక్రం స్టాండుకెక్కాక చూడాలి వాణ్ణి.
బొటనవేలి గోరు రిమ్ముకి ఆనించి, కళ్ళు మూసుకుని,
నేను చెవితో పట్టేది వాడు గోటితో పడతాడు.
బెండు ఒక్కసారిగా తీస్తే ఇంకోచోట తేలుతుంది.
పావు తిప్పు. ఆగు. ఇంకో పావు.
ఒక చక్రానికి ఒక పూట.

నవంబరులో నేనో తప్పు చేశాను.
వాడు వెళ్ళాక మిగిలిన సగం నేనే లాగించేశాను.
మంచికే. సోమవారం ఇవ్వాలి కదా.
మర్నాడు టోపీ మరిచానని వచ్చాడు.
చక్రాన్ని ఒకసారి తిప్పి, గోరు తాకించి,
టోపీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.
రెండు శనివారాలు ఆవుగంట ఎవరెవరికో మోగింది.
మూడో శనివారం వచ్చి, గోడ మీద, సరిగ్గా నా కళ్ళ ఎత్తులో,
ఒక్క మాట రాశాడు:
ముట్టుకోకు.

ఈ వారం వాడు ఊట్రెక్ట్ వెళ్ళాడు.
ఏటా ఒకసారి ఆ సొరంగంలో కదలకుండా పడుకోవాలి.
ఫలితం వచ్చేదాకా ఫ్రౌకె ఇంట్లో దీపాలు ఆరవు,
నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తూంటాయి.
ఇప్పుడు తలుపు తడుతున్నాను. లోపలికెళ్ళి కూర్చుంటాను.
ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోం.

ఇందాక ఆల్‌ట్యె వచ్చింది, టపాల మనిషి.
సగం బెండు తీసిన తన చక్రం చూసి,
"అయిదు నిమిషాల పని. నువ్వు చేయలేవా?"
చేయగలను.
"వచ్చే శనివారం రా."
"ఆ అబ్బాయి రాకపోతే?"

తెరిచిన తలుపులోంచి గాలి కొట్టి
చక్రం తనంతట తనే తిరుగుతోంది,
ఎడమవైపు కొంచెం ఊగుతూ.
"శనివారం," అన్నాను మళ్ళీ.

సంచి భుజం మార్చుకుని
ఆవుగంట మోగించుకుంటూ
ఆల్‌ట్యె నడిచే వెళ్ళింది.