డిక్కీలో బూట్లు

పదకొండు రోజుల్లో ఎనిమిది మ్యాచ్‌లు.
ఇంటర్ పరీక్షలని ఫిబ్రవరి అంతా ఆపి
ఏప్రిల్ నెత్తిన మూట మొత్తం దించారు
లీగ్ వాళ్లు.
ఆ కాగితాన్ని తార్నాక ఇంట్లో
ఫ్రిజ్ తలుపుకు అంటించాను.
అందులో తేదీలున్నాయి, గ్రౌండ్‌లున్నాయి,
మోకాళ్ల సంగతి ఎక్కడా లేదు.

సోమవారం, మెట్లు దిగుతూ
కెజియా ఎడమ చెయ్యి గోడను వెతుక్కోవడం చూశాను.
మంగళవారం ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఆడింది,
ఇరవై ఆరు పాయింట్లు కొట్టింది,
నీళ్ల సీసా మూత తిప్పలేక
పక్క పిల్లకిచ్చింది.
ఇరవై ఆరును అందరూ రాసుకున్నారు.
మూతను నేను రాసుకున్నాను.

బేస్తవారం లాలాగూడ సిమెంటు కోర్టులో
పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుతో ఆట.
"ఇయ్యాల కూసో" అన్నాను.
"నాకేం కాలే సార్."
"కాలేదు గనకే."

నన్ను నేను నమ్మను.
అందుకే ఆమె బూట్లు విప్పించి
నా స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను.
తాళంచెవి స్కోరర్ దస్తగిరికిచ్చాను.
"నేనే వచ్చి అడిగినా ఇయ్యకు."
స్కోరు షీటు గాలికి లేవకుండా
దాన్ని బరువుగా పెట్టుకున్నాడు.

రబ్బరు చెప్పుల్లో కెజియా.
కూర్చోవడం ఆమెకు చేతకాదు.
అవతల బంతి నేలను తాకినప్పుడల్లా
ఇవతల మడమలు లేస్తాయి, దిగుతాయి.
ఆమె బదులు త్రివేణి ఆడుతోంది.
బంతి చేతికి రాగానే కళ్లు మూసుకునే పిల్ల.
రెండో క్వార్టర్‌లో ఒక్కసారి తెరిచింది,
బంతి బోర్డుకు తగిలి లోపల పడింది.
భయపడి మళ్లీ మూసుకుంది.

"పదకొండు నంబర్‌ను దింపయ్యా!"
రైల్వే క్వార్టర్ల కుర్రాళ్లు,
నోటి నిండా పల్లీలు.
షెడ్డు వైపు పోతున్న ఇంజన్ కూతలో
నన్ను ఇంకేమేం అన్నారో వినపడలేదు.

నాలుగో క్వార్టర్. నాలుగు నిమిషాలు. మూడు పాయింట్ల వెనక.
నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.
రుమాలు, నొప్పి బాము, చిల్లర.
టేబుల్ వైపు చూశాను.
దస్తగిరి తలెత్తలేదు.
ఎడమ అరచెయ్యి తాళంచెవి మీద పెట్టి
కుడిచేత్తో ఎవరిదో ఫౌలు రాసుకున్నాడు.

రెండు పాయింట్లతో ఓడిపోయాం.
"అడుగునున్నోళ్ల చేతిల! దిమాగ్ ఉందా?" అని
కమిటీ ఆయన కారు అద్దం దించి అడిగి
జవాబు రాకముందే ఎత్తేసుకున్నాడు.

గేటు దగ్గర ఎస్తేరమ్మ.
మోండా మార్కెట్ వెనక జాకెట్లు కుట్టే మనిషి,
కెజియా వాళ్లమ్మ.
సెలవునాడు కూడా మెడలో కొలత టేపు.
రెండో వరసలో కూర్చుందట, నేను చూడనే లేదు.
ఎందుకు ఆడనియ్యలేదని అడుగుతుందనుకున్నాను.

"లగ్గాల దినాలల్ల మిషిను మోటరు
కాలిన వాసనొస్తది సార్.
ఇంకొక్క జాకెట్టే గదా అనుకుంటం.
గా ఒక్కదానికే పోతది.
అందుకే ఫ్యాను దాని దిక్కు తిప్పి
నేను చెమటల కూసుంట."

ఏ కమిటీకీ చెప్పుకోలేకపోయిన మాట
ఆమె నాకు చెబుతుంటే
కొత్తగా వింటున్నట్టు తలూపాను.

టేపు తీసి సంచిలో చుట్టి పెట్టుకుంది.
"గని నాకు బేస్తవారమే సెలవు.
ఈ యేడు ఒక్క ఆటన్న చూద్దామనొచ్చిన."

సెమీఫైనల్ ఆదివారం అనబోయాను.
ఆదివారం పొద్దున చర్చి,
మధ్యాహ్నం నుంచి కొట్టు ముందు పెళ్లివాళ్ల వరస.
అనలేదు.

దస్తగిరి తాళంచెవి తెచ్చిచ్చాడు.
మధ్యాహ్నమంతా ఎండలో నిలబడ్డ స్కూటర్.
డిక్కీ తెరిస్తే బూట్లు కాలుతున్నాయి,
నాలుగు క్వార్టర్లూ ఆడొచ్చినట్టు.
"ఎవలేసుకున్నరు సార్ నావి?"
సాయంత్రం మొత్తంలో మొదటిసారి నవ్వింది కెజియా.

ఎస్తేరమ్మ నవ్వలేదు.
ఒక బూటు అందుకుని
లోపల చెయ్యి పెట్టి
కాసేపు అలాగే ఉంచింది,
మోటరు చల్లారిందో లేదో చూసినట్టు.