లాభం, రెండు, మూడు

మా ముత్తాత చెల్లుబోయిన మావుళ్ళు
నరసాపురం రేవులో కొలగాడు.
ధాన్యం కుంచంలోంచి గోనెలోకి జారుతుంటే
ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు.
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు...
ఆ తరవాతది నోట రానిచ్చేవాడు కాదు,
ఆరున్నొకటి అని దాటేసేవాడు.
ఏడంటే గాదె ఏడుస్తుందిట.

బస్తాల మీద కూర్చుని కాళ్ళూపుతూ
వంత పలికేవాడు ఒక తెల్లకుర్రాడు.
బియ్యం కంపెనీ ఏజెంటు గిల్‌క్రిస్టు కొడుకు.
మా రేవు నాలుకకి ఆ పేరు ఎక్కక
తండ్రి గిలకదొర, వాడు చినగిలక.
మెడ నిండా చెమటకాయలు,
జేబులో ఎండు మెత్తళ్ళు,
ఎవరేం అడిగినా "ఆయ్".
వాళ్ళమ్మ స్కాట్లాండు మనిషి, ఆవిడా ఇంట్లో ఆయ్ అనేదట.
అందుకని చాన్నాళ్ళు వాడు
రెండు ఊళ్ళదీ ఒకటే భాష అనుకున్నాడు.

తొమ్మిదో ఏట, పోటుకోసం పడవలు ఆగిన పూట
కుంచాల్లో చెయ్యి పెట్టి చూశాడు.
ఒకదాంట్లో మణికట్టు మునిగింది,
ఒకదాంట్లో మునగలేదు.
కూలి కొలిచే కుంచం అడుగున రెండువేళ్ళ మందం చెక్క.
రైతు దగ్గర కొనే కుంచానికి ఆ చెక్క లేదు.
"ఇది నాన్నకి తెలుసా మావుళ్ళూ?"
"ఆయ్."
అంతే. పోటొచ్చింది. లాభం, రెండు.

తరవాతి కథ మాకు ఉత్తరంలో వచ్చింది.
గిలకదొర విషజ్వరంతో పోయాడు,
బోర్డు మీద పేరు మాత్రం ఉండిపోయింది.
చినగిలక అక్కడెక్కడో బొగ్గుగనుల ఊళ్ళో తేలాడు.
ఆ ఊళ్ళో తవ్వినవాడికి కూలి తూకాన్ని బట్టి.
యజమాని తూకందారు పక్కన నిలబడి ముల్లు చూడ్డానికి
కూలీలే తలా కాస్తా వేసుకుని ఒక మనిషిని పెట్టుకుంటారు.
పందొమ్మిదేళ్ళు ఆ మనిషి వాడే,
మంచు మీద పడుతున్నా ముల్లు మీంచి కన్ను తియ్యకుండా.
వాళ్ళే పట్టుబట్టి ఓట్లకి నిలబెట్టారు.

మొదటిసారి లెక్కింపు గదిలో కట్టలు పేరుస్తుంటే
పెదాల కింద లాభం, రెండు, మూడు.
ఏదో కొండభాషలో ప్రార్థన అనుకున్నారు పక్కవాళ్ళు.
తేడా ఆరున్నొకటి. ఓడాడు.
ఆ రాత్రి గదిలో ఆరున్నొక్కరాగం తీశానని
సిగ్గుపడకుండా రాసుకున్నాడు.

రెండోసారి గెలిచాడు. లండను సభలో
ఔననాలంటే ఆయ్ అనాలిట. నవ్వాపుకోలేకపోయాడట.
ఎప్పుడు లేచినా తూకాల గురించే,
పాలకుండ, రొట్టె, చేపలబుట్ట, బొగ్గుబండి.
పత్రికలవాళ్ళు మనిషికి బదులు తరాజు బొమ్మ గీసేవాళ్ళు.
పన్నెండేళ్ళలో ఒక్క చట్టం.
అదీ సగం కోసి చేతిలో పెట్టారు.

ఒకనాడు ఆ సభలోకి మన బియ్యం మాటొచ్చింది.
నరసాపురం రేవు కూలీల అర్జీ, కుంచాల మోసం.
చినగిలక లేచాడు.
లేచి, కోటు గుండీ సర్దుకుని,
కూర్చున్నాడు.
"ఆ రెండువేళ్ళ చెక్క గొంతులో అడ్డుపడింది మావుళ్ళూ."
ఉత్తరమంతా ఇంగ్లీషే,
మావుళ్ళూ అన్న మాటొక్కటీ తెలుగులో, వంకరగా,
కొమ్ము రెండుసార్లు దిద్ది.

పోస్టుమాస్టరు చదివి చెప్పి
జవాబేం రాయమంటావన్నాడు.
ముత్తాత వశిష్ఠ వంక చాలాసేపు చూసి
"కొలిచిన చెయ్యి నాదే కదండీ. అదే రాయండి" అన్నాడట.
రాశాడో లేదో.
ఉత్తరం చివరి పేజీ చెద తినేసింది,
వాడు మళ్ళీ గెలిచాడో, ఏ మంచులో పోయాడో తెలీదు.
కూలి కుంచం మాత్రం మా ఇంట్లోనే ఉంది.
అమ్మ అందులో కరెంటు బిల్లులు దాస్తుంది.
తక్కువే పడతాయి.

మొన్న పంచాయతీ ఓట్ల లెక్కింపు డ్యూటీ పడింది నాకు.
బ్యాలెట్లు ఇరవైయ్యైదేసి కట్ట కట్టాలి.
మొదటి కాగితం తీస్తూ పైకే లాభం అనేశాను.
ఏజెంట్లిద్దరూ ఒక్కసారే కుర్చీల్లోంచి లేచారు,
"ఎవరికండీ లాభం?"
కాగితం వెనక్కి పెట్టి మళ్ళీ మొదలెట్టాను.
ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.
అక్కడ నోరు కాస్త ఆగింది.
ఆపైన, వాళ్ళిద్దరికీ వినబడేలా,
ఏడు.