పదిహేడో అంతస్తు దుమ్ము

మా కాలేజీ మూసి అప్పటికి పదకొండో రోజు.
బల్లలూ కుర్చీలూ తలుపులకు అడ్డం పేర్చి
లోపల్నుంచి లోకానికి గడియ పెట్టుకున్నాం.
నాకు పందొమ్మిదేళ్ళు.
గొంతు నిండా సిద్ధాంతం, సంచి నిండా కరపత్రాలు.
గోళ్ళలోకి దిగిన సైక్లోస్టైల్ సిరా
ఎంత తోమినా పోయేది కాదు.
పోకూడదనే ఉండేది నాకు.

నది ఒడ్డున సర్కారు ఆఫీసులో
రాత్రిపూట ఊడ్చే ఆడవాళ్ళు సమ్మె కట్టారని
ఎవరో కబురు తెచ్చారు.
ఆఖరి బస్సులో వెళ్ళాం నలుగురం.
లండన్‌లో డెబ్భై ఒకటి నవంబరు. సన్నటి వాన.
మెట్ల దగ్గర ఏడుగురు స్త్రీలు, ఒక కిరసనాయిలు స్టవ్వు,
చంటిపిల్లల బండిలో పిల్ల లేదు,
అట్టముక్కల మీద రాసిన నినాదాలున్నాయి.

ఎనిడ్ ప్రింగిల్ కరపత్రం తీసుకుంది.
తిప్పి చూసింది, నాలుగు మడతలు పెట్టింది,
ఎడమ బూటు విప్పి అడుగున పరిచింది.
"తడి వస్తోందమ్మా. ఆరాక చదువుతాలే."

తర్వాత టీ ఇస్తూ, మామూలుగా అడిగింది:
"పదకొండు రోజులా! మరి మీ కాలేజీ ఎవరు ఊడుస్తున్నారు?"

నాకు తెలుసు జవాబు.
నీలం ఓవరాల్ వేసుకున్న ఒకామె.
రెండేళ్ళుగా పొద్దున్నే వరండాలో
నేను దాటుకుంటూ పోయిన తడినేల.
మేం తలుపులు మూసిన రోజు నుంచి ఆమెకు కూలి లేదు.
ఆ సంగతి మా తీర్మానాల్లో ఎక్కడా లేదు.
టీ కాలింది. అదే సాకుగా ఊరుకున్నాను.

ఎనిడ్ చెయ్యెత్తి చూపించింది:
"రోజూ ఈ వేళకి ఒక్కో అంతస్తే వెలిగేది,
మేం మెట్లెక్కుతున్నట్టు బయటికి తెలిసేది.
చూడు, ఎంత చీకటో. నేను చేసిన చీకటి."
ఆ మాట అంటూ నవ్వింది.
పిల్లలు బడికెళ్ళాక రెండు గంటలే నిద్రపోయే మనిషి
అంత నిండుగా నవ్వుతుందనుకోలేదు.

మూడోనాడు పాలవాడు బండి వెనక్కి తిప్పాడు.
ఉత్తరాల సంచి గేటు దాటలేదు.
చెత్తబుట్టలు పొంగి, నిన్నటి టీ కప్పుల్లో బూజు పట్టింది.
పెద్దదొరలు మరుగుదొడ్డి కాయితం
తోలుసంచుల్లో ఇంటినుంచి మోసుకొచ్చారట.
నోరా డెవనీ అది చెప్పి పొట్ట పట్టుకు నవ్వేది.
పదిహేడో అంతస్తులో, కార్యదర్శిగారి నల్లబల్ల మీద
దుమ్ము వేలిమందాన పేరుకుందట.
మేం అరిచిన నినాదాలన్నీ కింద వానలో తడిసిపోతే
ఏ శబ్దమూ లేకుండా పైదాకా వెళ్ళింది అదొక్కటే.

గెలిచారు. వారానికి రెండు పౌండ్ల చిల్లర,
అంతస్తుకి అదనంగా ఒక మనిషి.
నాలుగు నెలలకి కాంట్రాక్టు చేతులు మారింది.
కొత్త జాబితాలో ఎనిడ్ పేరు లేదు.
ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.
అప్పటికి పరీక్షలు.

కాలేజీ తెరిచిన పొద్దున్న మాత్రం
నీలం ఓవరాల్ దగ్గరికెళ్ళి మాప్ అందుకున్నాను.
పిండటం రాలేదు. నీళ్ళు బూట్లలో పోసుకున్నాను.
పేరు అడిగాను.
ఎందుకన్నట్టు చూసి, "పక్కకి జరుగు, జారుతావ్" అంది.

ఇప్పుడు నాకొక ఆఫీసుంది,
నా పేరుతో ఒక తలుపు.
రాత్రి పొద్దుపోయాక ఒకమ్మాయి వస్తుంది,
చెవుల్లో ఏదో పాట, చేతిలో గొట్టం.
కాళ్ళు ఎత్తమని సైగ చేస్తుంది.
ఎత్తుతాను.
యాభై ఏళ్ళు దాటాయి.
ఆమె పని చేసినంతసేపూ అలాగే,
కాళ్ళు గాల్లో పెట్టుకుని కూర్చుంటాను.