బోలు

పుష్యమాసం. బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండం.
ఇక్కడ తాడిపత్రి అవతల
మూడు రోజులుగా నీడ పడలేదు ఎవరికీ.
ముసురు పైనుంచి రావడం లేదు, పక్కనుంచి వస్తోంది,
గాలి దాన్ని జల్లెడ పట్టి మొహాన కొడుతోంది.
జీపు దారి తప్పలేదు. దారే జారిపోయింది.
చివరి మైలు నడిచాను,
చెప్పుకో శేరు బంకమట్టితో.

పద్నాలుగో నంబరు క్వారీ. నల్లబండ తీసిన గుంత.
ఇరవై రెండేళ్లు తవ్వి, మూడేళ్లు పూడ్చి
"యథాస్థితికి తెచ్చాము" అని రాసింది కంపెనీ.
చూసి సంతకం పెట్టడం నా పని.
ఏ స్థితికి అని ఫారం అడగదు.

వాచ్‌మన్ వన్నూరప్ప
యూరియా సంచిని కొప్పెగా మడిచి వేసుకుని ముందు నడిచాడు.
నేను గొడుగు తెరిచాను.
గాలి దాని ఊచలన్నీ బయటికి లాగి
మళ్లీ నా చేతికే ఇచ్చింది.

మొక్కలు లెక్కపెట్టాం. కానుగ, వేప, మళ్లీ కానుగ.
మూడొందల పన్నెండోది మరీ పచ్చగా ఉంది.
లాగితే ఊడి వచ్చింది.
కింద వేరు లేదు, కొడవలి గాటు ఉంది,
ఏటవాలుగా, కొత్తగా.
"నిన్న రాత్రి నాటమన్యారు మేడం," అన్నాడు అటు తిరిగి,
"సలికి తెల్లారేతలికి వేళ్లు ఉండాయో లేవో తెలీలా."
ఎవరి వేళ్లు అని అడగలేదు నేను.
కొమ్మను తిరిగి దాని గుంతలోనే పెట్టాను, ఎందుకో.

నా మీటరు అద్దం లోపల ఆవిరి పట్టింది.
ముల్లు సున్నా దగ్గర వణుకుతూ ఉండిపోయింది.
అప్పుడు ఆయన గడారి తీశాడు.
"ముప్పై ఏండ్లు బండ కొట్టినోన్ని.
పగులుండే బండ యేరేగా పలుకుతాది."
నేల మీద ఒక పోటు. చెవి వంచాడు.
"ఈడ నిండుగుండాది."
నాలుగడుగులు. "ఈడా నిండే."
చినుకుల చప్పుడు అడ్డమని సంచి తీసేశాడు,
తెల్లజుట్టు నెత్తికి అంటుకుపోయింది.
"ఈడ బోలు."

నాకు వినిపించలేదు. మళ్లీ పొడవమన్నాను. మళ్లీ.
మూడోసారికి అరికాలికి తెలిసింది,
అవతలి గదిలో ఖాళీ బానను ఎవరో తట్టినట్టు.

"అడుగున మన్ను బొయ్యలేదు మేడం.
పలకల ముక్కలు, టైర్లు, ఒక పాత పరుపు గూడా.
పైన అరగజం ఎర్రమన్ను, అంతే.
దీనికి సరీగ్గా కింద మేం సద్ది తినే నీడ.
మే నెల్లో గూడా సల్లగుండేది."
అక్కడే నిలబడి నవ్వాడు, కాలు తీయకుండా.

పెన్ను రాయనంది. పెన్సిలు తీశాను.
నేల కుదుటపడినదా? అవును, కాదు.
"పూడ్సినోళ్లకు పనైపాయ," అన్నాడు కాగితంలోకి తొంగి చూసి,
"మన్నుకు ఇంగా కాలే."
అంత మాట పట్టే గడి లేదు.
కాదు దగ్గర గీత పెట్టాను,
తడికి కాగితం చిరిగి గీత తొడ దాకా దిగింది.

"అట్ల రాస్తే నా పని ఉంటాదా, పోతాదా?"
గుంత ఉన్నంతకాలం కాపలా ఉంటుందని చెప్పబోయాను.
గడారి ఎవరిదో కంపెనీకి తెలుస్తుందని గుర్తొచ్చింది.
"తెలీదు," అన్నాను.
తల ఊపాడు, వానకు ఊపినట్టు.

తిరిగి వస్తుంటే చీకటి పడింది, ఐదింటికే.
ఆయన నాలుగడుగులకోసారి పొడిచి వింటూ ముందు,
ఆయన కాలు తీసిన చోట
నీళ్లు నిండకముందే కాలు వేస్తూ నేను.